వీడియోలో చూసినదాని పేరు పట్టుకోవడం ఎలా

పోయిన ఏడాది తొలకరికి ముందు మా నాయన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టి "ఇది యాడ దొరుకుతాదో చూడబ్బా" అన్నాడు. కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర మాకు నాలుగెకరాల ఎర్రనేల ఉంది, అందులో వేరుశనగ వేస్తాం. వీడియోలో ఒకాయన చక్రం లాంటిదాన్ని చేత్తో తోసుకుంటూ పోతున్నాడు, చక్రం చుట్టూ బాతు ముక్కుల్లాంటివి ఉన్నాయి, అవి ఒక్కొక్కటే నేలలో దిగి గింజ వదిలి లేస్తున్నాయి. ఎద్దులు లేవు, ట్రాక్టర్ లేదు. చూడగానే నాకూ నచ్చింది. కానీ వీడియోలో మాటలు లేవు, పాట ఒకటే ఉంది, కింద రాసిన అక్షరాలు చైనా భాషలో ఉన్నాయి, కామెంట్లలో మనలాంటోళ్ళే వంద మంది "ధర ఎంత", "ఎక్కడ దొరుకుతుంది" అని అడిగి ఉన్నారు, జవాబు చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు.

పేరు తెలియని వస్తువును వెతకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. "గింజలు వేసే చక్రం" అని కొడితే వచ్చినవన్నీ ట్రాక్టర్ గొర్రులే. ఆ రోజు రెండు గంటలు పట్టింది, ఇప్పుడు అదే పని రెండు నిమిషాల్లో అయిపోతుంది, ఎందుకంటే ఏ బొమ్మతో వెతకాలో, ఎంత ముక్క కత్తిరించాలో, దానికి ఏ మాట కలపాలో మెల్లగా అర్థమైంది. అది మీకూ పనికొస్తుందని ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు ఒక్క విషయం తెలుసుకుంటే మిగతాదంతా సులువు. బొమ్మ ఇస్తే వెతికిపెట్టే గూగుల్ లెన్స్ లాంటివాటికి ఆ వస్తువు ఏంటో తెలియదు. మీరిచ్చిన బొమ్మను అంకెలుగా మార్చుకుని, ఇంటర్నెట్‌లో ఉన్న కోట్ల బొమ్మల్లో దానికి దగ్గరగా ఉన్నవి ఏవో చూసి, ఆ బొమ్మల పక్కన జనం ఏం రాశారో అది మనకు చూపిస్తుంది. అంటే దానికి తెలిసింది పోలిక మాత్రమే, పేరు ఎవరో ఒకరు ఎక్కడో రాసి ఉండాలి. టిన్‌ఐ అని ఇంకో సైట్ ఉంది, 2008 నుంచి నడుస్తోంది, దాని పని వేరు: పోలిక ఉన్నవి కాదు, అదే బొమ్మ ఇంకెక్కడెక్కడ ఉందో వెతుకుతుంది. వస్తువు పేరు కావాలంటే లెన్స్, ఈ వీడియో ముందే ఎక్కడైనా వచ్చిందా అని తెలియాలంటే టిన్‌ఐ. ఈ రెండింటినీ కలిపేసుకుని చాలామంది విసిగిపోతుంటారు.

సరైన ఫ్రేమ్ దొరికితే సగం పని అయిపోయినట్టే

వీడియో అంటే సెకనుకు పాతికో ముప్పయ్యో బొమ్మలు. అందులో చాలావరకు మసగ్గా ఉంటాయి, మనిషి కదులుతుంటాడు, కెమెరా కదులుతుంటుంది, వస్తువుకు చెయ్యి అడ్డం ఉంటుంది. మొదటిసారి నేను చేసిన తప్పు ఇదే, నాయన ఎక్కడ ఆపి ఇచ్చాడో అక్కడే స్క్రీన్‌షాట్ తీసి వెతికాను. లెన్స్ టోపీ పెట్టుకున్న రైతుల ఫోటోలు చూపించింది. దాని తప్పేం లేదు, ఆ బొమ్మలో అన్నిటికంటే బాగా కనిపిస్తున్నది టోపీయే.

కాబట్టి వీడియో మొత్తం ఒకసారి వస్తువు మీదే కన్ను పెట్టి చూడండి. అది పక్క నుంచి పూర్తిగా కనిపించే చోటు, కెమెరా ఒక క్షణం నిలబడే చోటు ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. సాధారణంగా వీడియో మొదట్లో వస్తువును చేత్తో పట్టుకుని చూపించేటప్పుడో, ఆఖర్లో కింద పెట్టినప్పుడో అలాంటి బొమ్మ దొరుకుతుంది. కొన్నిసార్లు వీడియో మీద కనిపించే తంబ్‌నెయిలే అన్నిటికంటే స్పష్టంగా ఉంటుంది, దాన్నే వాడుకోవచ్చు.

యూట్యూబ్ అయితే ముందు సెట్టింగుల గుర్తు నొక్కి క్వాలిటీ 1080 కి పెంచండి, డేటా మిగలాలని మన ఫోన్లు 360 లోనో 480 లోనో ఆడిస్తుంటాయి, ఆ బొమ్మలో అంచులన్నీ కరిగిపోయి ఉంటాయి. వేగం 0.25 కి తగ్గించండి. కంప్యూటర్ ఉంటే ఇంకా మేలు: వీడియో ఆపి కీబోర్డ్‌లో ఫుల్‌స్టాప్ నొక్కితే ఒక్కో ఫ్రేమ్ ముందుకు, కామా నొక్కితే ఒక్కో ఫ్రేమ్ వెనక్కు పోతుంది. ఇది తెలిశాక నాకు నిజంగా ప్రాణం లేచి వచ్చింది. క్రోమ్‌లో వీడియో మీద రైట్ క్లిక్ రెండుసార్లు చేస్తే (మొదటిసారి యూట్యూబ్ సొంత మెనూ వస్తుంది, రెండోసారి క్రోమ్‌ది వస్తుంది) కాపీ వీడియో ఫ్రేమ్ అని ఉంటుంది, దాంతో బటన్లు, గీతలు ఏవీ అడ్డం లేకుండా శుభ్రమైన బొమ్మ వస్తుంది.

రీల్స్ అయితే స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టుకుంటే వీడియో ఆగుతుంది, అప్పుడు పవర్ బటన్, వాల్యూమ్ తగ్గించే బటన్ కలిపి నొక్కి స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఒక చేత్తో కుదరదు, పక్కన ఎవరైనా ఉంటే సాయం అడగండి. ఓటీటీ యాప్‌లలో స్క్రీన్‌షాట్ తీస్తే నల్లగా వస్తుంది, అది కాపీరైట్ కోసం వాళ్ళే పెట్టుకున్న అడ్డు, అలాంటప్పుడు ఇంకో ఫోన్‌తో ఫోటో తీసి వెతకాలి, కాస్త గీతలు పడినా చాలాసార్లు పనవుతుంది. ఇక వాట్సాప్‌లో నలుగురి చేతులు మారి వచ్చిన వీడియో అయితే బొమ్మ బాగా దెబ్బతిని ఉంటుంది, దాన్ని తిప్పలు పెట్టే బదులు ఒక్క ఫ్రేమ్‌తో వెతికి ముందు అసలు వీడియో ఎక్కడుందో పట్టుకోండి, అందులోంచి మంచి ఫ్రేమ్ తీసుకోండి.

ఒక్క ఫ్రేమ్‌తో ఆగొద్దు. మూడు తీసుకోండి, పక్క నుంచి ఒకటి, ముందు నుంచి ఒకటి, ఏదైనా ప్రత్యేకమైన భాగం దగ్గరగా ఒకటి. మా చక్రం విషయంలో ఆ బాతు ముక్కులే పట్టించాయి.

ఫోన్‌లో ఎలా వెతకాలి

2024 జనవరిలో సర్కిల్ టు సెర్చ్ అని ఒకటి వచ్చింది, మొదట సామ్‌సంగ్ ఎస్24, పిక్సెల్ 8 ఫోన్లలో ఇచ్చారు, తర్వాత చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు వచ్చింది. మీ ఫోన్‌లో ఉందో లేదో చూడాలంటే వీడియో ఆపి కింద మధ్యలో ఉన్న హోమ్ బటన్‌నో అడ్డగీతనో నొక్కి పట్టుకోండి. స్క్రీన్ కాస్త మెరిసి, కింద వెతికే పెట్టె వస్తే ఉన్నట్టే. కావలసిన వస్తువు చుట్టూ వేలితో గీత గీయండి, అంతే, స్క్రీన్‌షాట్ కూడా అక్కర్లేదు.

లేకపోయినా బాధపడాల్సింది ఏం లేదు, మా నాయన ఫోన్‌లో అది లేదు. గూగుల్ యాప్ తెరిస్తే వెతికే పెట్టెలో చిన్న కెమెరా గుర్తు ఉంటుంది, అదే లెన్స్. నొక్కి గ్యాలరీలోంచి స్క్రీన్‌షాట్ ఎంచుకోవాలి. గూగుల్ ఫోటోస్‌లో స్క్రీన్‌షాట్ తెరిచినా కింద లెన్స్ బటన్ కనిపిస్తుంది. ఐఫోన్ వాళ్ళు గూగుల్ యాప్ వేసుకుంటే ఇదే పద్ధతి.

బొమ్మ ఎక్కాక దాని మీద ఒక చట్రం కనిపిస్తుంది. ఆ మూలలు పట్టుకుని లోపలికి లాగి కావలసినంత మేరకే ఉంచండి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. బొమ్మ మొత్తం ఇస్తే పొలం, ఆకాశం, మనిషి, చొక్కా అన్నీ కలిపి వెతుకుతుంది. మరీ చిన్న ముక్క ఇచ్చినా పోలిక దొరకదు. వస్తువు పూర్తిగా ఉండి చుట్టూ కాస్త చోటు మిగిలేలా కత్తిరించండి, అలా ఫలితం రాకపోతే అప్పుడు భాగం మీదికి పోండి.

తర్వాత మాటలు కలపాలి. ఫలితాల పైన బొమ్మ పక్కనే రాయడానికి చోటు ఉంటుంది, చాలామంది దాన్ని ముట్టుకోరు. బొమ్మ ఒక్కదానితో వచ్చిన ఫలితాలకూ, బొమ్మకు ఒక మాట కలిపితే వచ్చిన ఫలితాలకూ చాలా తేడా ఉంటుంది. నేను ఆ చక్రానికి "వేరుశనగ విత్తనం" అని తెలుగులో కలిపితే పెద్దగా ఏం రాలేదు, "సీడర్" అని ఇంగ్లీషులో కలిపేసరికి అదే ముక్కుల చక్రం వరసగా వచ్చింది, హ్యాండ్ పుష్ సీడర్ అనీ మాన్యువల్ సీడర్ అనీ రాసి ఉంది. వస్తువును బట్టి భాష మార్చి చూడండి. యంత్రాలకు, పనిముట్లకు ఇంగ్లీషు, హిందీ బాగా పనిచేస్తాయి. వంటలకు, మొక్కలకు, గుడులకు తెలుగు కలపడం మేలు. ఉగ్గాని ప్లేటు బొమ్మ ఒకటే ఇస్తే పోహా అని చెబుతుంది, "బొరుగులు" అనో "కర్నూలు" అనో కలిపితే దారిలోకి వస్తుంది.

ఒకసారి పేరు దొరికాక బొమ్మను పక్కన పెట్టేయండి. ఆ పేరుతో యూట్యూబ్‌లో మళ్ళీ వెతికితే దాన్ని మన నేలల్లో వాడినవాళ్ళ వీడియోలు వస్తాయి, మంచీ చెడ్డా అక్కడ తెలుస్తాయి. మా నాయన అలాంటివి నాలుగు చూసి "తడి నల్లరేగడిలో ముక్కులు మూసుకపోతాయి, మన ఎర్రనేలలో అయితే పదును చూసి తోసుకోవచ్చు" అని తేల్చాడు. ఆ మాట ఏ లెన్సూ చెప్పదు.

లెన్స్‌లో దొరకకపోతే బింగ్, యాండెక్స్ అనే వేరే వెతికే సైట్లలో ఒకసారి వేసి చూడండి, ఒకదానికి దొరకనిది ఇంకోదానికి దొరకడం నాకు చాలాసార్లు జరిగింది. కొనే వస్తువైతే అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ యాప్‌లలోనే కెమెరా గుర్తు ఉంటుంది, బట్టలకు మింత్రాలో కూడా ఉంది. జెమినీ, చాట్‌జీపీటీ లాంటి ఏఐ చాట్‌బాట్‌లకు స్క్రీన్‌షాట్ ఇచ్చి "ఇదేంటి" అని అడగొచ్చు, కానీ అవి తెలియనిదాన్ని కూడా తెలిసినట్టే చెబుతాయి కాబట్టి పేరు వరకు తీసుకుని, ఆ పేరుతో బొమ్మలు తెరిచి మీ వీడియోలోదానితో కళ్ళారా పోల్చుకోండి.

బొమ్మలో ఉన్న అక్షరాలను వదలొద్దు

ఊరు, గుడి, కొండ, హోటల్ ఇలాంటివి కనుక్కోవాలంటే బొమ్మకంటే అందులో కనిపించే రాత ఎక్కువ సాయం చేస్తుంది. లెన్స్‌లో టెక్స్ట్ అని నొక్కితే బోర్డు మీద అక్షరాలను కాపీ చేసి ఇస్తుంది, తెలుగు కూడా చదువుతుంది. ట్రాన్స్‌లేట్ నొక్కితే చైనా అక్షరాలనైనా తెలుగులో చూపిస్తుంది. మన చక్రం వీడియో కింద ఉన్న రాతకు అర్థం అలాగే తెలిసింది, అది మొక్కజొన్న వేయడం గురించి.

షాపు బోర్డు మీద పాత ల్యాండ్‌లైన్ నంబరు ఉంటే ఇక చెప్పేదేముంది. 08518 ఉంటే కర్నూలు, 08554 అనంతపురం, 08562 కడప. బండి నంబరు ఏపీ 21 ఉంటే కర్నూలు, ఏపీ 02 అనంతపురం, ఏపీ 04 కడప. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకటే సిరీస్ వచ్చింది కాబట్టి కొత్త బండ్లతో జిల్లా తెలియదు, అందుకని వీడియోలో పాత బండి ఏదైనా ఉందేమో చూడండి. ఆర్టీసీ బస్సు కనిపిస్తే దాని మీద డిపో పేరు ఉంటుంది. గోడలకు, నేలకు వాడిన బండలు చూడండి, నున్నటి నల్లని కడప బండలా, బేతంచెర్ల నాపరాళ్ళా అన్నది మన కంటికి తెలుస్తుంది.

గండికోటలో పెన్నా లోయను లెన్స్ వెంటనే పట్టేస్తుంది, బెలుం గుహలనూ లేపాక్షి నందినీ అంతే, ఎందుకంటే వాటి ఫోటోలు లెక్కలేనన్ని ఉన్నాయి. చిక్కంతా కాస్త తక్కువమంది చూసిన చోట్లతో వస్తుంది. తాడిపత్రి చింతల వెంకటరమణస్వామి గుడిలో రథం ఆకారంలో రాతి గరుడ మండపం ఉంది కదా, ఒక రీల్‌లో అది రెండు సెకన్లు కనిపిస్తే వెతికాను, మొదటి వరసంతా హంపి రథమే వచ్చింది. పోలిక ఉంది, పైగా హంపి ఫోటోలు ఎక్కువ. అలాంటప్పుడు బొమ్మకు "తాడిపత్రి" అని మీ అనుమానం కలిపి వెతకండి, తర్వాత గూగుల్ మ్యాప్స్‌లో ఆ చోటు తెరిచి జనం పెట్టిన ఫోటోలతో ఒక్కో స్తంభం, ఒక్కో మెట్టు పోల్చుకోండి. మూడు గుర్తులు కలిస్తే గానీ నేను ఇదేనని చెప్పను.

చీరలు, కొనుగోళ్ళు

మా వదిన చెల్లెలి పెళ్ళికి ఒక రీల్‌లో చీర చూసి అదే కావాలంది. ముదురు ఆకుపచ్చ, వెడల్పాటి అంచు, కొంగులో పెద్ద పని. లెన్స్‌లో వేస్తే కంచిపట్టు అని వచ్చింది, కిందే అదే చీర అని 499 కి అమ్ముతున్న పేజీలు పది. అంచు ఒక్కటే కత్తిరించి మళ్ళీ వెతికి, "ధర్మవరం" అని కలిపితే అప్పుడు అలాంటి అంచు ధర్మవరం నేతగాళ్ళ పేజీల్లో కనిపించింది.

చీర విషయంలో లెన్స్‌ను రంగుకూ డిజైనుకూ మాత్రమే నమ్మండి. పట్టా కాదా, మగ్గం మీద నేసిందా మిల్లుదా, జరీ ఎలాంటిది అన్నవి బొమ్మలో ఉండవు. అసలు పట్టు అని చెప్పే సిల్క్ మార్క్ లేబుల్ ఉందేమో చూసుకోవాలి, వీలైతే చేత్తో పట్టుకుని చూసి కొనాలి. మనకు ధర్మవరం ఎంత దూరం? అనంతపురం నుంచి గంట ప్రయాణం. మేం స్క్రీన్‌షాట్ తీసుకునే వెళ్ళాం, అక్కడ కొట్టాయన ఫోన్ చూసి "ఈ అంచు ఉంది గానీ ఈ రంగు మీదికి లేదమ్మా, వంకాయ రంగు మీదికి ఉంది" అని తీసి చూపించాడు. వదిన అదే తీసుకుంది.

ఆన్‌లైన్‌లోనే కొనాలనుకుంటే ముందు ఆ అమ్మేవాళ్ళ ఫోటోనే తిరిగి వెతకండి. ఒకే మోడల్, ఒకే గోడ ముందు నిలబడిన ఫోటో పదిహేను రకాల పేర్లున్న పేజీల్లో కనిపిస్తే అది వాళ్ళ చీర కాదు, ఎక్కడి నుంచో ఎత్తిన ఫోటో. మొత్తం డబ్బు ముందే యూపీఐలో వేయమంటే అక్కడితో ఆపేయండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930 కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

వజ్రాల వీడియోల గురించి

ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర వైపు ఎంతమంది వజ్రాల కోసం చేలల్లో దిగి వెతుకుతారో మీకు తెలుసు. అనంతపురం జిల్లాలో వజ్రకరూరు పేరులోనే వజ్రం ఉంది. ఆ సీజన్‌లో "ఇలాంటి రాయి దొరికితే వదలొద్దు" అని వీడియోలు వస్తాయి, జనం చేతిలో ఉన్న రాయికి లెన్స్ పెట్టి వీడియోలో రాయితో పోల్చుకుంటారు. మా ఊరి పిల్లాడు ఒకడు అలాగే తెచ్చాడు, నా ఫోన్‌లో వజ్రం అని వచ్చింది, కాస్త వెలుతురు మార్చి తీస్తే స్ఫటికం అని, తెల్ల గుడ్డ మీద పెట్టి తీస్తే పుష్యరాగం అని వచ్చింది. రాయి అదే.

ఎందుకంటే వజ్రాన్ని వజ్రం అని తేల్చే గుణాలు ఫోటోలో పడవు. వజ్రం గట్టిదనం మోస్ కొలతలో 10, పలుగురాయిది 7. వజ్రం సాంద్రత 3.52, పలుగురాయిది 2.65. వజ్రం వేడిని చాలా వేగంగా లాక్కుంటుంది, నగల వ్యాపారుల దగ్గర ఉండే చిన్న టెస్టర్ దీని మీదే పనిచేస్తుంది. లెన్స్ చూసేది మెరుపు, ఆకారం, రంగు, అవి గాజుపెంకుకు కూడా ఉంటాయి. రాయిని ఫోన్‌తో తేల్చుకుని అప్పు చేసి కౌలు పొలం తీసుకోవడం, ఎవరో చెప్పిన ధరకు అమ్మేయడం, రెండూ వద్దు.

పంట తెగుళ్ళ సంగతీ కొంచెం ఇలాంటిదే, కాకపోతే ఇక్కడ సాయం ఎక్కువ దొరుకుతుంది. వేరుశనగ ఆకు మీద మచ్చలున్న వీడియో చూసి "మన చేనులోదీ ఇదే" అనుకుని మందు కొట్టొద్దు. టిక్కా మచ్చ తెగులు, తుప్పు తెగులు మొదట్లో ఫోటోలో దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. ఆకు పైవైపు ఒక ఫోటో, కిందవైపు ఒక ఫోటో తీయండి, తుప్పు అయితే కిందవైపు ఇటుక రంగు పొక్కులు ఉంటాయి. ప్లాంటిక్స్ యాప్ తెలుగులో ఉంది, దానితో ఒక అంచనాకు రండి, తర్వాత ఆకు తీసుకుని రైతు సేవా కేంద్రానికో, బనవాసి, రెడ్డిపల్లి, ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రాలకో పోండి. అడవి మొక్కలైతే ప్లాంట్‌నెట్ యాప్ మంచిది, ఆకు, పువ్వు, కాయ, బెరడు ఏది చూపిస్తున్నారో అడిగి మరీ వెతుకుతుంది. వీడియోలో చెప్పారని ఆకు గుర్తుపట్టి కషాయం కాచుకోవడం మాత్రం చేయకండి. పేరు తెలిసినంత మాత్రాన తినదగిందని కాదు.

కొత్తదా పాతదా, అసలు ఉందా

2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు నదీ తీరంలో ఉన్న మా చుట్టాలకు ఎంత టెన్షనో. 2009 అక్టోబరు వరద కర్నూలు ఇంకా మర్చిపోలేదు, దానికి తోడు అప్పుడే ఒక వీడియో, నీళ్ళు ఇళ్ళ మీదికి వస్తున్నట్టు, గ్రూపుల్లో తిరుగుతోంది. రెండు ఫ్రేములు తీసి లెన్స్‌లో వేసి ఎగ్జాక్ట్ మ్యాచెస్ (అచ్చం అదే బొమ్మ ఉన్న చోట్లు) చూస్తే అది ఎప్పటిదో, ఇంకో దేశానిది. ఇలాంటప్పుడు టిన్‌ఐలో బొమ్మ వేసి ఓల్డెస్ట్ (అన్నిటికంటే పాతది ముందు) అని వరస మార్చండి, ఆ బొమ్మ దానికి మొదట ఎప్పుడు కనిపించిందో తేదీతో వస్తుంది. ఆ తేదీ నిన్నటిది కాకపోతే విషయం తేలిపోయినట్టే. ఏమీ దొరకలేదంటే మాత్రం కొత్తదని అర్థం కాదు, దానికి దొరకలేదని మాత్రమే.

ఇంకో కొత్త తలనొప్పి ఏఐతో చేసిన వీడియోలు. నీలం రంగు అరటిపండ్లు, చెట్టు ఆకారంలో ఇల్లు, నెమలిలా విప్పుకునే చీర. ఎంత వెతికినా అదే వీడియో కాపీలు తప్ప ఇంకో కోణంలో తీసిన ఒక్క ఫోటో కూడా రాకపోతే, కొన్నవాళ్ళు తీసిన మామూలు ఫోటో ఒక్కటీ లేకపోతే, ఆ వస్తువు అసలు లేదేమో అని అనుమానించండి. వీడియోలో చేతివేళ్ళు, వెనకాల బోర్డు మీద అక్షరాలు ఫ్రేమ్ ఫ్రేమ్‌గా జరిపి చూస్తే చాలాసార్లు బయటపడుతుంది.

మనుషుల ముఖాలు వెతకడానికి మాత్రం వీటిని వాడకండి. వీడియోలో కనిపించిన అమ్మాయి ఎవరో, ఏ ఊరో కనుక్కోవడం మన పని కాదు. స్క్రీన్‌షాట్ ఎక్కించే ముందు అందులో ఎవరి ముఖమైనా, మీ మెసేజ్‌లు, బ్యాంకు వివరాలైనా ఉంటే కత్తిరించేయండి, ఆ బొమ్మ మన ఫోన్ దాటి కంపెనీ సర్వర్‌కు పోతుంది.

ఎంత వెతికినా దొరకనప్పుడు

మొన్న ఒక పాత ఇంటి వీడియోలో కొయ్యతో చెక్కిన చిన్న గిన్నె లాంటిది కనిపించింది, అడుగున వరసగా రంధ్రాలు. లెన్స్ క్యాండిల్ స్టాండ్ అంది, బింగ్ పూలకుండీ అంది, చాట్‌బాట్ అయితే ఆఫ్రికా వాయిద్యం అని వివరంగా రాసింది. మూడు ఫ్రేములు, నాలుగు భాషలు, ఏదీ పనిచేయలేదు. అన్నం తింటున్న మా నాయనకు ఫోన్ చూపిస్తే ముద్ద నోట్లో ఉండగానే "జడ్డిగం గదా" అన్నాడు. గొర్రు మీద ఉంటుంది, గింజలు అందులో పోస్తే రంధ్రాల్లోంచి గొట్టాల్లోకి, అక్కడి నుంచి సాళ్ళలోకి జారతాయి. మేం కొనాలనుకున్న ముక్కుల చక్రం చేసే పనే ఇదీ చేసేది.

జడ్డిగం అని తెలుగులో కొడితే మాటకు అర్థాలు వచ్చాయి గానీ నేను చూసినంతలో ఫోటో ఒక్కటీ కనిపించలేదు. ఫోటో పక్కన ఆ పేరు ఎవరూ రాయకపోతే లెన్స్ మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది? అందుకే దొరకనప్పుడు స్క్రీన్‌షాట్‌ను పెద్దవాళ్ళకు, కమ్మరికి, వడ్రంగికి, ఆ పని చేసేవాళ్ళకు చూపించండి. పేరు తెలిస్తే అక్కడితో వదిలేయకండి, ఆ వస్తువు మీ దగ్గరో పక్కింట్లోనో ఉంటే వెలుతురులో, వెనక ఏమీ లేకుండా, నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసి, అందరూ వాడుకునేలా ఫోటోలు దాచే వికీమీడియా కామన్స్ సైట్‌లో తెలుగు పేరుతో, దేనికి వాడతారో రెండు ముక్కలతో ఎక్కించండి. ఖాతా తెరవడం ఉచితం, మీరు తీసిన ఫోటో అయితే చాలు. మా పెద్దనాయన ఇంట్లో అటక మీద జడ్డిగం ఒకటి ఉందని తెలిసింది, ఈ ఆదివారం పోయి దింపి, దుమ్ము తుడిచి ఫోటోలు తీయాలి.